పెద్దక్కకు వేసిన పొగ

నేను చెప్పే కథలు నీళ్ళు కలిపిన పాలని కువైత్‌లో నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. జహ్రాలో ఒంటె తన్నితే ఎగిరి ఫర్వానియా బస్టాండులో పడ్డానని చెప్పింది నేనే. ఇసుక తుఫానులో కొట్టుకుపోయిన నా లుంగీ ఇరాక్ సరిహద్దు దాటి, వారం తర్వాత ఉతికి మడతపెట్టిన లుంగీగా తిరిగొచ్చిందని చెప్పింది కూడా నేనే. జనం వింటారు, నవ్వుతారు, ఇంకో టీ పోస్తారు. ఖడ్గమృగానికి గడ్డి వేసి బతికానని చెబితే మాత్రం టీ కూడా పోయరు. "సుబ్బన్నా, ఇది మరీ ఎక్కువైపాయ" అని దుప్పటి కప్పుకుంటారు. నా బతుకులో చుక్క నీళ్ళు కలపని కథ అదొక్కటే. దాన్నే ఎవరూ నమ్మరు.

పోయిన నెల మా యజమాని కొడుకు ఎడారిలో డేరా వేసుకోవడానికి పాత రేకులు కావాలంటే అమ్ఘరాకు పోయాను. అక్కడి పాత ఇనుము దొడ్లలో దొరకని వస్తువు లేదు. లిఫ్టులు, పడవలు, మసీదు దీపాల గొలుసులు, ఎవరి పెండ్లికో వేసిన బంగారు రంగు సింహాసనాలు అన్నీ ఒకే మట్టి కొట్టుకొని పడి ఉంటాయి. ఒక దొడ్డి మూలన ఇనుప చట్రం, లోపల మందపాటి చెక్కలు వేసిన పెద్ద పెట్టె కనిపించింది. మన మినీ లారీ అందులో దూరి కూర్చోవచ్చు. దొడ్డి కాపలా కాసే పఠాను ముసలాయన, అందరూ లాలా అంటారు, దాన్ని కోళ్ళ గూడు చేసుకున్నాడు. తలుపు లేదు. వంగి లోపలికి పోయాను. చెక్కలన్నీ ఎండకు పగిలి పెచ్చులు లేచాయి. ఎడమ పక్కన, నా రొమ్ము ఎత్తులో, చేటంత మేర మాత్రం చెక్క నల్లగా, నూనె పూసినట్టు నున్నగా ఉంది. దాని మీద చెయ్యి పెట్టాను. ఆ నునుపు ఎవరి భుజం రాపిడిదో నాకు తెలుసు. 

నేను ఈ దేశం వచ్చేనాటికి మీసాలు కూడా సరిగ్గా దిద్దుకోవడం రాదు. రాయచోటి దగ్గరి మా పల్లె నుంచి గొర్రెల పనికని వీసా మీద వచ్చి, జహ్రా దాటాక ఎడారిలో ఉన్న ఒక తోటలో దిగాను. తోట యజమానిని మేమందరం బాబా అనేవాళ్ళం. ఆయనకు జంతువుల పిచ్చి. జింకలు, నిప్పుకోళ్ళు, డేగలు, వాటన్నిటికీ మేత, నీళ్ళు, పేడ. ఆ పేడ ఎత్తే వాళ్ళలో నేనొకణ్ణి. మా గదిలో పెద్దదిక్కు ఓబులేసు మామ. వరసకు మామే గానీ రక్తసంబంధం వెతికితే ఏడు ఊళ్ళు తిరగాలి. కోనసీమ నుంచి వచ్చిన సత్తిబాబు మాకు వంటవాడు. గదిలో ఎప్పుడూ మూడు వాసనలు ఉండేవి: సత్తిబాబు తాలింపు, మామ తలకు రాసుకునే ఆముదం, గోనెసంచిలో కట్టిపెట్టిన ఎండు వేపాకు.

ఆ వేపాకు ఎందుకో చెప్పాలంటే పెద్దక్క సంగతి చెప్పాలి. నేను రాకముందే బాబాకు ఎవరో గొప్ప స్నేహితుడు ఒక ఖడ్గమృగం పిల్లను కానుకగా పంపాడట. తల్లి దగ్గర పాలు మానకముందే పెట్టెలో పెట్టి పంపారు. బాబా దాన్ని చూసి ముచ్చటపడి, మరుసటి వారానికి డేగల పిచ్చిలో పడ్డాడు. ఇక అది మామ పాలిట పడింది. మామ సీసాతో పాలు పట్టాడు, దాని పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. నేను చూసేనాటికి అది లారీ ఇంజనంత అయింది. దానికి పేరు పెట్టమని బాబా అడిగితే, "పెద్దక్క అందాం. ఇంత మడిసిని పేరు పెట్టి పిలిస్తే ఏం మర్యాద?" అన్నాడట మామ. ఆ పిలుపుకు అది చెవులు తిప్పేది. అంత శరీరంలోంచి కుక్కపిల్ల మూలుగులాంటి సన్నటి కూత వచ్చేది. కొత్తగా వచ్చిన వాళ్ళు ఆ కూత ఎక్కడిదా అని దాని వెనక వెతికేవాళ్ళు.

ఎండాకాలం వస్తే ఈగలు. దాని చర్మం మడతల్లో పగుళ్ళు వచ్చి పుండ్లు పడేవి, ఆ పుండ్ల మీద నల్లగా ముసిరేవి. మా సీమలో సందకాడ ఎనుముల కొట్టంలో పొగ వేయని ఇల్లు ఉండదు. మామకు తెలిసిన వైద్యం అదే. పాత నెయ్యి డబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి, అడుగున నిప్పులు, పైన ఎండు వేపాకు వేసేవాడు. పొద్దు వాలేసరికి ఆ డబ్బా పట్టుకుని "దా పెద్దక్కా, దా" అని పిలిస్తే తోట ఆ మూల నుంచి నేల అదిరేలా నడిచొచ్చి, పొగలో తల పెట్టి కండ్లు మూసుకునేది. ఈగలు లేచిపోయేవి. అప్పుడు దాని ముందు పచ్చగడ్డి మోపు వేసేవాడు. తన ఖుబ్జ్ రొట్టెలో మొదటి ముక్క తుంచి దాని పెదవి కింద పెట్టి, ఆ తర్వాతే తాను తినేవాడు. సెలవుకు పోయిన వాడెవడైనా తిరిగొచ్చేటప్పుడు పచ్చళ్ళు మానుకొని వేపాకు తేవాలని గదిలో చట్టం. విమానాశ్రయంలో తనిఖీవాడు సంచి విప్పి "షినూ హాదా?" ఏంటిది అని ఉరిమితే, సత్తిబాబు "దవా అండి, మందు" అని గుప్పెడు నోట్లో వేసుకుని నమిలి చూపించాడట. ఆ చేదుకు వచ్చిన కన్నీళ్ళు చూసి తనిఖీవాడు జాలిపడి వదిలేశాడని చెప్పేవాడు. కన్నీళ్ళ ముక్క నేను కలిపింది. తక్కినదంతా నిజం.

బాబా ముసలాడయ్యాడు. కొడుకులకు తోట వద్దు, ఆ భూమిలో గోదాములు కావాలి. జంతువుల్ని ఒక్కొక్కరికీ పంచుతుంటే, బాబా ఒక్క పెద్దక్క విషయంలో మాత్రం మొండికేశాడు. "దాన్ని దాని దేశానికి పంపుతాను" అన్నాడు. ఆయన ఎవరెవరికో ఫోన్లు చేస్తే, దక్షిణాఫ్రికా వైపు నుంచి ఒక పశువుల డాక్టరమ్మ దిగింది. ఎండకు కమిలిన మొహం, మగవాళ్ళ బూట్లు, ఎప్పుడూ ఆరిపోయిన టీ తాగే అలవాటు. కొమ్ముల కోసం చంపి చంపి అక్కడి అడవుల్లో వీటి జాతి చాలా చోట్ల అంతరించిందని, బోనుల్లో పుట్టి పెరిగిన వాటిని ఒక్కొక్కటిగా తెచ్చి మళ్ళీ అడవికి అలవాటు చేస్తున్నామని చెప్పింది. ఈనే వయసున్న ఆడది దొరకడం తమ అదృష్టం అంది. నాకు బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు కొంచెం ఉండడంతో దుబాసీ పని నా మీద పడింది.

మామ అంతా విని ఒకటే అడిగాడు. "ఆడ దీన్ని చూసుకునేది ఎవురంటరా?"

డాక్టరమ్మ చెప్పింది నేను తెలుగులో పెట్టాను. "ఎవరూ చూసుకోకూడదంట మామా. ఎవరూ అక్కర్లేకుండా బతికేట్టు చేసేదే వాళ్ళ పనంట."

"ఇదేం పనిరా సామీ," అన్నాడు మామ.

సత్తిబాబుకు మాత్రం పండగ. "ఏవండోయ్ ఓబులేసు గారూ, మీ పెద్దక్కకి ఖురూజ్ కొట్టేశారండి, దేశం వదిలి పొమ్మని. ఇక్కడ ఉండే ఇఖామా ఖలాస్. మనం ఇన్నేళ్ళు చాకిరీ చేసినా రాని టిక్కెట్టు దానికి వచ్చిందండి, అదీ కూర్చోబెట్టి!"

"నోరు మూసుకొని కూర చూడు సత్తిబాబూ, మాడతాంది."

ఆ పూట నుంచి డాక్టరమ్మ కట్టడి మొదలైంది. పిలవకూడదు, చేత్తో తినిపించకూడదు, పొగ అసలే వేయకూడదు. "అడవిలో పొగ అంటే మనిషి. మనిషంటే చావు. పొగ వాసనకు అది పారిపోవాలి" అంది. మామ ఎదురు చెప్పలేదు. పెద్దక్క దొడ్డి గోడకు ఈ పక్క వీపు ఆనించి కూర్చునేవాడు. ఆ పక్క నుంచి పెద్దక్క కూత వినిపించేది, సన్నగా, ఆపకుండా. ఈగలు మళ్ళీ ముసిరాయి. మామ అన్నం కలుపుకొని, మొదటి ముద్ద ఎవరికి పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని, చివరికి నా కంచంలో పెట్టేవాడు. ఆయనతో ఉన్న ఏళ్ళన్నిటిలో నేను తిన్న అన్నం ఏదీ గుర్తు లేదు. ఆ ముద్దలు మాత్రం గుర్తున్నాయి.

విమానానికి ఎక్కించే అసలు పెట్టె వాళ్ళ దేశం నుంచి వచ్చేదాకా, అలవాటు చేయడానికి అమ్ఘరాలో ఒక ఉత్తుత్తి పెట్టె చేయించారు. అదే నేను పోయిన నెల చూసింది. రోజూ దాని లోపల గడ్డి వేసేవాళ్ళు. పెద్దక్క తలా ముందుకాళ్ళూ పెట్టేది, ఎడమ భుజం చెక్కకేసి రుద్దుకునేది, వెనక్కి వచ్చేసేది. డాక్టరమ్మ పుచ్చకాయలు పెట్టింది, ఖర్జూరాలు పెట్టింది, ఓపిగ్గా గంటలకొద్దీ కూర్చుంది. అది రానంది. మత్తు ఇచ్చి ఎక్కిస్తే అంత దూరం ప్రాణాలతో చేరకపోవచ్చని ఆమె భయం. విమానం రోజు దగ్గర పడింది. ఇప్పుడు పోకపోతే ఎవడి కొత్త బోనులోకి పోతుందో తెలియదు.

ఒక సాయంత్రం డాక్టరమ్మ వచ్చి మామ పక్కన మట్టిలో కూర్చుంది.  "పొగ పెట్టమను" అంది నాతో.

మామ తల అడ్డంగా ఊపాడు. "వద్దన్నది నువ్వే గదమ్మా."

"అవును. అక్కడికి పోయాక నెలల తరబడి మనిషి కనపడని దొడ్లో పెట్టి మరిపిస్తాం. ముందు అక్కడికి పోవాలి కదా."

"మరిసిపోతాదా?" అని మామ నన్ను అడిగాడు, డాక్టరమ్మను కాదు. 

పెట్టె ముందు వైపు చువ్వలకు అవతల డబ్బా పెట్టి మామ నిప్పు రాజేశాడు. గాలికి పొగ పెట్టెలోంచి సాగింది. "దా పెద్దక్కా, దా" అన్నాడు. అది చెవులు తిప్పి, ఒక్కసారి కూత వేసి, ఎన్నాళ్ళో చూడని మనిషి ఇంటికొచ్చినట్టు గబగబా లోపలికంటా నడిచి, చువ్వల దగ్గర పొగలో తల పెట్టి కండ్లు మూసుకుంది. వెనక తలుపు దించారు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టబోయి ఆగింది. అసలు పెట్టె వచ్చిన రోజు కూడా ఇంతే. కొమ్ము అప్పటికే కోసేశారు. కొమ్ము లేకపోతే చంపే వాడు రాడని ధీమా.

మా సీమలో పశువును అమ్మితే పలుపు కొన్నవాడికి ఇవ్వం. కొత్త తాడు వాడే తెచ్చుకుంటాడు. పాత పలుపు మన గాటి దగ్గరే ఉండాలి, అప్పుడే మన ఇంట్లో పాడి నిలుస్తుందని నమ్మకం. పెద్దక్కకు మామ ఏనాడూ తాడు వేయలేదు. లారీ కదిలాక ఆయన చేతులు ఏదో వెతుక్కున్నాయి. చివరికి పొగ డబ్బా తీసుకుని, బూడిద కూడా పారబోయకుండా, గదిలో మంచం కింద పెట్టుకున్నాడు.

ఏడాదికి పైగా మంచి కబుర్లే వచ్చాయి. డాక్టరమ్మ తోట ఆఫీసుకు ఫోను చేసేది, నేను మామకు చెప్పేవాణ్ణి. బురదలో పొర్లడం నేర్చిందట. జీపు చప్పుడుకు పక్కకు పోతోందట. ఇక దొడ్డి తలుపు తీసి అడవిలోకి వదిలేశారట. ఆ రోజు మామ అందరికీ సేమ్యా చేయించాడు. "అయితే ఈగలకు ఏం చేస్తాందో" అని మాత్రం అన్నాడు.

తర్వాత ఒక ఫోను వచ్చింది. డాక్టరమ్మ గొంతు కాదేమో అనుకున్నాను. దొంగలు కంచె కత్తిరించి లోపలికి వచ్చి, పొద్దున్నే చలి కాచుకోవడానికి మంట వేసుకున్నారట. వాళ్ళు వేటకు ఇంకా బయలుదేరనే లేదట. అడుగుల జాడ చూసిన వాళ్ళు చెప్పారట, పెద్దక్క ఎక్కడో దూరాన మేస్తూ ఉన్నపళంగా తిరిగి, దారిలో ఎక్కడా ఆగకుండా, పరిగెత్తకుండా, ఆ మంట దగ్గరికి నడిచి వచ్చిందని. కోయగా మిగిలిన కొమ్ము మొదలు కోసం చంపి, ముఖం చెక్కేశారట. "పొగ పెట్టమన్నది నేను. అది అతనికి చెప్పు. నేను అన్నానని చెప్పు" అంది.

చెప్పాను, ఉన్నదున్నట్టు. మామ విన్నాడు. లేచి, అప్పటికే జింకలు కూడా లేని ఆ తోటలో, ఎండిపోయిన నీళ్ళ తొట్టిని చీకటి పడేదాకా రుద్ది కడిగాడు. ఏడవలేదు. నేను ఆ వారమంతా ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. సత్తిబాబు నాకు జ్వరమేమో అనుకున్నాడు.

తర్వాతి శుక్రవారం మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "రే సుబ్బిగా. నువ్వు కోతలు కోస్తావు గదా, అందురూ నవ్వుతారు గదా."

"ఊఁ, మామా."

"దాన్ని ఇంగ కొన్నాళ్ళు బతికించు."

అలా మొదలైంది. అంతకుముందు నేను చెప్పినవి కుర్ర కోతలు. కథ చెప్పడం నేర్చింది ఆ శుక్రవారాల్లోనే, ఆ కఠినమైన శ్రోత ముందే. పెద్దక్క సింహాన్ని తరిమిందని చెబితే, "అది అట్ల చెయ్యదురా. పక్కకు జరిగి దోవ ఇస్తాది. మర్యాద తెలిసింది" అనేవాడు. ఏరు ఈదిందని చెబితే, "అది అట్ల చెయ్యదు. నీళ్ళు మోకాలు దాటితే దానికి భయం" అనేవాడు. ఈనిందని చెప్పిన శుక్రవారం మాత్రం కాదనలేదు. పిల్ల ఏమిటని అడిగాడు. ఆడపిల్ల అన్నాను. "చెవులు?" అన్నాడు. తల్లి చెవులే అన్నాను. తృప్తిగా ఆముదం రాసుకున్నాడు. బాబా పోయాడు, తోట పోయింది, సత్తిబాబు ఊరికి పోయి హోటలు పెట్టాడు. నేను డ్రైవరునయ్యాను, మామ జహ్రాలో ఒక ఇంటి గేటు దగ్గర కాపలా చేరాడు. శుక్రవారాలు మాత్రం ఆగలేదు. ఆ గేటు పక్కన కుర్చీల్లో కూర్చుని ఆఫ్రికాలో ఎన్ని వానలు కురిపించానో నాకే తెలియదు.

మామ ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో పడ్డాడు. మధ్యాహ్నం, చూడ్డానికి వదిలే వేళ, పోయాను. ముక్కుకు గొట్టం. నన్ను చూసి వేళ్ళు కదిలించాడు, దగ్గరికి రమ్మని.

"ఇంగ చాలు. దాన్ని పంపించేయ్. నేను పోయినాక దాని కత ఇనేది ఎవురు?"

 కథ అయితే ముగించాలి, చంపడం నా వల్ల కాదు. మొదలుపెట్టాను. పొద్దున్నే మంచు పడుతోందన్నాను. పెద్దక్క ముసలిదయిందన్నాను. పిల్లలు, మనవరాళ్ళు చుట్టూ మేస్తున్నారన్నాను. దూరంగా దొంగలు మంట వేశారన్నాను. మామ కండ్లు మూసుకున్నాడు. "గాలి తిరిగింది మామా. పొగ వాసన తగిలింది. పెద్దక్క తల ఎత్తింది, చెవులు తిప్పింది. అమ్మో, మనుషులు అనుకుంది. పిల్లల్నందరినీ వెంటబెట్టుకుని వెనక్కి తిరిగి అడవి లోపలికి, లోపలికి..."

మామ తల అటూ ఇటూ కదిలింది. గొట్టం జారింది. సర్దాను.

"అది అట్ల చెయ్యదురా," అన్నాడు. "నేను దానికి అట్ల నేర్పల్యా."

ఆయన చెప్పిన కడపటి దిద్దుబాటు అది. మామ పోయిన రెండ్రోజులకు దజీజ్‌లోని కార్గో ఆఫీసు ముందు, మామ పెట్టె విమానానికి పోయేదాకా నిలబడ్డాను. సత్తిబాబు అన్న మాట గుర్తొచ్చింది. మామకూ టిక్కెట్టు వచ్చింది.

ఇప్పుడు ఆ తోట ఉన్నచోట గోదాములు ఉన్నాయి. మా రూములో కుర్రాళ్ళు సెల్‌ఫోనులో ఖడ్గమృగాల వీడియోలు చూస్తారు. డ్రోనుతో తీసినవి, పైనుంచి, ఎంత స్పష్టంగా ఉంటాయో. ఎక్కడెక్కడో వాటిని మళ్ళీ అడవుల్లో వదులుతున్నారని, కొన్ని బాగా బతుకుతున్నాయని అందులోనే చెబుతారు. మంచిదే. అవి మనిషిని చూడగానే పరిగెత్తడం నేను ఆ బొమ్మల్లో చూశాను. పరిగెత్తిన ప్రతిసారీ నాకు సంతోషంగా ఉంటుంది, కొంచెం కడుపు కూడా మండుతుంది. మా కాలంలో మాకు ఈగలను తోలడం తెలుసు, తిండి పెట్టడం తెలుసు, పిలవడం తెలుసు. ప్రేమగా ఉండి కూడా దగ్గరికి రానివ్వకపోవడం ఎలాగో మాకు ఎవరూ చూపలేదు.

అమ్ఘరాలో ఆ పెట్టెలో ఎంతసేపు నిలబడ్డానో, లాలా వచ్చి తొంగిచూశాడు. "క్యా దేఖ్ రహే హో, భాయ్?" అన్నాడు. ఈ పెట్టె ఎందుకు చేశారో తెలుసా అని అడిగాడు. తనకేమీ చెప్పకుండానే కాపలా పెట్టారట, వచ్చే వారం కోసి ఇనుము అమ్ముతారట. అసలు కథ నోటి దాకా వచ్చింది. ఆ చెక్క మీద చెయ్యి తియ్యకుండానే చెప్పాను.

"గొర్రెలకు."

లాలా వెంటనే నమ్మాడు. "అచ్ఛా" అని తల ఊపి, పెట్టె పక్కనే టీ కోసం అట్టముక్కలతో పొయ్యి రాజేశాడు. గాలికి పొగ లోపలికి తిరిగింది. కోళ్ళన్నీ ఒక్క పెట్టున అరుస్తూ, రెక్కలు కొట్టుకుంటూ, నా కాళ్ళ మధ్య నుంచి బయటికి ఉరికాయి. నేను లోపలే నిలబడ్డాను.